మోదుగ పూల పొడి, కణంలో మోటారు

పరకాల దగ్గర ఊళ్లో ఉండే మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకోసారి హైదరాబాద్ పోయి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు డ్రిప్ ఎక్కించుకొని వస్తుంది. నేను హనుమకొండలో ఫార్మసీ పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ని కాబట్టి, తిరిగిపోయేటప్పుడు మా ఇంట్లో ఆగి రిపోర్టులన్నీ నా ముందు పరుస్తుంది. పోయినసారి రిపోర్టులతో పాటు ఒక సీసా కూడా పెట్టింది. లోపల ముదురు నారింజ రంగు పొడి.

"మోదుగ పూల పొడి బిడ్డా. మందు పనిచేయనోళ్లకు ఇది తాగితే మళ్ల పనిచేస్తదట. ఇచ్చినాయన జెప్పిండు. పూలే గదా, ఏమైతది?"

ఆ మాటను విడదీస్తే రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, ఈ పొడి క్యాన్సర్ కణం మొండితనాన్ని విరగ్గొట్టేంత బలమైనది. రెండు, ఇవి పూలే కాబట్టి ఒంటికి ఏమీ కాదు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. కణం తీరునే మార్చగలిగినది ఒంటికి మాత్రం ఏమీ చేయకుండా ఎలా ఉంటుంది? ఆ మాట వెంటనే అనలేకపోయాను. ఎందుకంటే మొదటి నమ్మకంలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంతవరకో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

మందు పనిచేయకపోవడం అంటే ఏమిటో వరంగల్ పత్తి రైతుకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1997–98లో లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చేల మీద పడ్డప్పుడు ఒకసారి కొట్టిన చోట నాలుగుసార్లు కొట్టారు, ఒక డబ్బా బదులు రెండు మూడు కలిపి కొట్టారు, అయినా పురుగు చావలేదు. అప్పులు మిగిలాయి, ఆ ఏడు ఎన్ని ఇళ్లు కూలాయో ఇక్కడివాళ్లకు తెలుసు. "పురుగు మందుకు అలవాటు పడ్డది" అని ఇప్పటికీ అంటాం. మాటవరసకు బాగానే ఉంటుంది గానీ జరిగేది అది కాదు. చేనులో లక్ష పురుగులుంటే అందులో ఏ పదింటికో పుట్టుకతోనే ఆ మందును ఒంట్లో విరిచేసే ఎంజైములు కాస్త ఎక్కువుంటాయి. మందు కొట్టగానే మిగతావి చస్తాయి, ఆ పది మిగులుతాయి. వచ్చే తరమంతా ఆ పదింటి సంతానమే. ఏ పురుగూ అలవాటు పడలేదు. మనమే ఏరి ఏరి మొండివాటికి చేను అప్పజెప్పాం.

క్యాన్సర్ గడ్డ కూడా అలాంటి చేనే. కోట్ల కణాల్లో కొన్ని వేరుగా ఉంటాయి. మొదటి రెండు మూడు కీమో సైకిళ్లకు గడ్డ కరిగి, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నాక మళ్లీ తిరగబెట్టిందంటే చాలాసార్లు అది మిగిలిపోయిన ఆ కొన్నింటి సంతతే. వాటి దగ్గరుండే ఆయుధాలు రకరకాలు. కొన్ని దెబ్బతిన్న డీఎన్‌ఏను గబగబా రిపేరు చేసుకుంటాయి, కొన్ని మందు అతుక్కునే చోటునే మార్చేసుకుంటాయి, కొన్ని చావమని వచ్చే సంకేతాన్ని వినిపించుకోవు. ఇంకొన్ని, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటకు తోడి పోస్తాయి. మొక్కల కథ ఎక్కువగా ముడిపడింది ఈ చివరి రకంతోనే.

ఆ తోడే మోటారు దొరికిన తీరు చూడండి. కెనడాలోని టొరంటోలో జూలియానో, లింగ్ అనే ఇద్దరు చైనా హామ్‌స్టర్ అండాశయ కణాలకు కాల్చిసిన్ అనే విషం కొద్దికొద్దిగా పెంచుతూ పెట్టారు. కాల్చిసిన్ మనకు కొత్తదేమీ కాదు, వానకాలంలో అడవి అంచుల్లో మంటలా పూసే అగ్నిశిఖ దుంపలో ఉండేది అదే. తట్టుకొని బతికిన కణాలు కాల్చిసిన్‌కే కాదు, దానితో ఏ పోలికా లేని, అంతకుముందు ఎన్నడూ చూడని ఇతర మందులకు కూడా లొంగలేదు. ఆ కణాల పొర మీద ఒక పెద్ద ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. 1976లో దానికి పీ-గ్లైకోప్రొటీన్ అని పేరు పెట్టారు. (మా కాకతీయ యూనివర్సిటీ పుట్టిందీ ఆ ఏడే. దానికీ దీనికీ సంబంధం లేదు, క్లాసులో పిల్లలకు సంవత్సరం గుర్తుండడానికి చెబుతుంటాను.)

1,280 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్ కణం పొరలో ఇరుక్కొని ఉంటుంది. మందు అణువు లోపలికి జారుకుంటుంటే వాకిట్లోనే పట్టుకుంటుంది. కణానికి కరెంటు లాంటి ఏటీపీని ఖర్చు చేసి బయటకు గిరాటేస్తుంది. మనిషిని చూసి కుక్క మొరిగినట్టు ఒక్క మందునే గుర్తుపట్టదు. నూనెలో కరిగే గుణమున్న పెద్ద అణువులను చాలావాటిని తోసేస్తుంది. కీమో మందులు డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ అలాగే పోతాయి. బిళ్లగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ కూడా అంతే. మొక్క నుంచి వచ్చింది కదా అని మోటారు దేన్నీ ఉపేక్షించదు. తర్వాతి ఏళ్లలో దీని దాయాదులు ఎంఆర్‌పీ1, బీసీఆర్‌పీ కూడా బయటపడ్డాయి.

ఇక ఈ మోటారుకు అడ్డం పడగలవనే మొక్కల రసాయనాలు, ఫ్లేవనాయిడ్లు. బతుకమ్మ పేర్చే తాంబాళం ముందు కూర్చుంటే సగం పాఠం అక్కడే అయిపోతుంది. తంగేడులో కెంఫెరాల్, క్వెర్సెటిన్ రకాలున్నాయి. బంతిలో పసుపుదనం ఎక్కువగా ల్యూటిన్‌ది, అది ఫ్లేవనాయిడ్ కాదు, అయినా దాని రేకుల్లో క్వెర్సెటాజెటిన్ అనే ఫ్లేవనాయిడ్ కూడా ఉంది. గునుగు జాతికి సొంతంగా ఉండే గులాబీ రంగు మళ్లీ వేరే కుటుంబం, బీటాలెయిన్లు. మన నిజామాబాద్ పసుపులోని కర్క్యుమిన్‌ను చాలామంది ఫ్లేవనాయిడ్ల లెక్కలో వేస్తారు. అదీ తప్పే. ఫ్లేవనాయిడ్ అంటే పదిహేను కార్బన్ల ఒక చట్రం. రెండు వైపులా రెండు ఉంగరాలు, మధ్యలో మూడు కార్బన్ల వంతెన. ఆ చట్రం మీద ఆక్సిజన్లు, చక్కెరలు అటూ ఇటూ మార్చి తగిలించి మొక్కలు ఆరు వేలకు పైగా రకాలు చేసుకున్నాయి. ఎండ నుంచి, పురుగు నుంచి, బూజు నుంచి కాపాడుకోవడం వాటి పని. మనకోసం చేసుకున్నవి కావు.

మోదుగ ఇందులో పెద్ద చేయి. దాని పూలలో బ్యుట్రిన్, ఐసోబ్యుట్రిన్, బ్యుటీన్ ఉంటాయి. హోలీ ముందు రోజు మా చిన్నప్పుడు పూలు ఉడకబెట్టి, వడగట్టి, చిటికెడు సున్నం వేసేవాళ్లం. లేత పసుపు నీళ్లు చూస్తుండగానే ముదురు నారింజకు తిరిగేవి. క్షారం తగిలితే ఈ అణువులు రంగు మార్చుకుంటాయి. అప్పుడు అది మాకు ఆట, ఇప్పుడు నా ఉద్యోగం.

ఇంకో తమాషా ఉంది. 1936లో హంగరీలో సెంట్-గ్యోర్గి అనే శాస్త్రవేత్త బృందం నిమ్మజాతి పండ్ల ఫ్లేవనాయిడ్లకు విటమిన్ పీ అని పేరు పెట్టింది. రక్తనాళాల గోడల్లోంచి ద్రవాలు ఊరిపోయే గుణాన్ని, అంటే పర్మియబిలిటీని, అవి తగ్గిస్తాయని వాళ్ల అభిప్రాయం. తర్వాత ఆ విటమిన్ హోదా పోయింది. నలభై ఏళ్లకు దొరికిన మోటారు పేరులోని పీ కూడా పర్మియబిలిటీదే. ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే ఇద్దరికీ ఒకే ఇంటిపేరు వచ్చింది.

ల్యాబులో ఇద్దరినీ కలిపితే ఏమవుతుందో కంటితో చూడొచ్చు. రోడమిన్ 123 అనే రంగు కణంలోకి పోతే ఆకుపచ్చగా వెలుగుతుంది. మామూలు కణాలకు పోసి మైక్రోస్కోప్‌లో చూస్తే దీపావళి రాత్రిలా ఉంటుంది. మోటారున్న మొండి కణాలకు అదే రంగు పోస్తే కాసేపటికి చీకటి, తోడేశాయన్నమాట. ఇప్పుడు ఆ చీకటి కణాలకు ఒక ఫ్లేవనాయిడ్ కలిపి మళ్లీ చూడండి. కొన్ని రకాలతో ఒక్కొక్కటిగా దీపాలు వెలుగుతాయి. మొదటిసారి చూసిన పీజీ పిల్లల ముఖాలు కూడా అలాగే వెలుగుతాయి, థీసిస్ అయిపోయిందనుకుంటారు.

ఫ్లేవనాయిడ్ ఇది ఎలా చేస్తుంది? దాని చట్రం చదునుగా ఉండి ఏటీపీ దూరే చోట కొంత ఇమిడిపోతుంది. అంటే మోటారుకు ఫ్యూజు పీకినట్టు. కొన్ని రకాలు మందు కూర్చునే చోటే కూర్చుని అడ్డం పడతాయి. ఇంకొన్ని మోటారు తయారుచేసే జన్యువునే కాస్త మందగింపజేస్తాయి. చక్కెర తగిలించి ఉన్న రూపాలకు సాధారణంగా ఈ బలం తక్కువ. బత్తాయి, కమలా తొక్కల్లో ఉండే నోబిలెటిన్, టాంజెరెటిన్ లాంటి మెథాక్సీ గుంపులున్న రకాలకు ఎక్కువ. క్రైసిన్, బయోచానిన్-ఏ బీసీఆర్‌పీ మోటారును గట్టిగానే ఆపుతాయి. ఇదంతా నిజం. మూలికల పొట్లం మీద అచ్చు వేసుకునేదీ ఇంతవరకే.

ఇక్కడి నుంచి ముడులు మొదలు. 1994లో ఒక బృందం, మొండి రొమ్ము క్యాన్సర్ కణాల్లో క్వెర్సెటిన్ కీమో మందు పనితనాన్ని పెంచిందని రాసింది. అదే ఏడు ఇంకో బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో క్వెర్సెటిన్, కెంఫెరాల్, గలాంజిన్ అదే కీమో మందును బయటకు తోడడాన్ని వేగం చేశాయని రాసింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కణం మారినా మోతాదు మారినా ఇదే అణువు ఒకచోట బ్రేకు, ఇంకోచోట యాక్సిలరేటర్. కొద్ది మోతాదులో మోటారును ఉసిగొల్పి ఎక్కువ మోతాదులో ఆపడం కూడా కనిపించింది. పొడి ఇచ్చినాయన ఏ మోతాదు గురించి చెప్పినట్టు? చెంచాడు.

కణాల పేర్లనూ నమ్మలేం. డాక్సోరూబిసిన్‌కు మొండికేసిన రొమ్ము క్యాన్సర్ కణాలని ఎంసీఎఫ్-7/ఏడీఆర్ పేరుతో ఏళ్ల తరబడి ప్రపంచమంతా ప్రయోగాలు చేసింది. తీరా డీఎన్‌ఏ చూస్తే ఆ కణాలు రొమ్మువి కావు, అండాశయ క్యాన్సర్‌వి. ఇప్పుడు వాటిని ఎన్‌సీఐ/ఏడీఆర్-ఆర్‌ఈఎస్ అంటున్నారు. పాత పేపర్లు మాత్రం పాత పేరుతోనే తిరుగుతున్నాయి.

మా ల్యాబుల్లో రోజూ వాడే ఎంటీటీ పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. 96 గుంతల ప్లేటులో కణాలు పెంచి పసుపు రంగు ఎంటీటీ పోస్తాం. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. ఊదా తగ్గితే కణాలు చచ్చినట్టు లెక్క. కానీ చాలా ఫ్లేవనాయిడ్లు కణం సాయం లేకుండానే ఎంటీటీని ఊదాగా మార్చగలవు, అప్పుడు చచ్చిన కణాలూ బతికున్నట్టే లెక్కకొస్తాయి. ఒకసారి ఒక విద్యార్థి ప్లేటులో కణాలు వేయని వరస కూడా ఊదాగా తిరిగింది. వాడు టెన్షన్ పడి ప్లేటు పడేయబోయాడు. ఆపి, ఆ ఖాళీ వరసే ముందు నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ఆ వరస పెట్టకుండా అచ్చయిన ఫలితాలను నేను సగమే నమ్ముతాను.

సరే, ఇవన్నీ దాటి ఫలితం పక్కాగా వచ్చిందనుకుందాం. ల్యాబు గిన్నెలో ఫ్లేవనాయిడ్ మోతాదు మామూలుగా 10 నుంచి 100 మైక్రోమోలార్ (ద్రవంలో చిక్కదనాన్ని కొలిచే లెక్క) దాకా ఉంటుంది. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ దండిగా ఉంటుంది కదా. కడుపునిండా ఉల్లిగడ్డ తిన్నా రక్తంలో ఒక్క మైక్రోమోలార్ దాటడం అరుదు. ఆ కాస్త కూడా క్వెర్సెటిన్‌గా ఉండదు. పేగు, లివర్ కలిసి దానికి గ్లూకురోనిక్ ఆమ్లం, సల్ఫేట్ తగిలించి వేషం మార్చేస్తాయి. గడ్డ దాకా చేరేది ఆ మారువేషమే, అదీ లెక్కకు రానంత.

కానీ పేగులో? మింగిన పొడి రక్తంలో కలవకముందు పేగులోనే ఉంటుంది, అక్కడ దాని చిక్కదనం గిన్నెలో అంత ఉండొచ్చు. పీ-గ్లైకోప్రొటీన్ ఉండేది క్యాన్సర్ కణాల్లో మాత్రమే కాదు. పేగు గోడలో, లివర్లో, కిడ్నీలో, మెదడు రక్తనాళాల గోడల్లో పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంటుంది. విషాలను లోపలికి రానీయకపోవడం దాని అసలు ఉద్యోగం. నెదర్లాండ్స్‌లో ఈ మోటారు జన్యువు తీసేసిన ఎలుకలను పెంచారు. చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. ఒకరోజు మైట్లు అనే సన్న పురుగులు పట్టాయని పంజరాల మీద ఐవర్‌మెక్టిన్ చల్లారు. గొర్లకు వేసే మందే. మామూలు ఎలుకలకు ఏమీ కాలేదు, జన్యువు లేనివాటిలో చాలావరకు చచ్చిపోయాయి. మెదడు వాకిట్లో కాపలా లేక మందు నేరుగా లోపలికి పోయింది. 1994లో ఇది అచ్చయ్యాక మోటారును ఆపుదామనే ఉత్సాహం చాలామందిలో కాస్త చల్లబడింది.

అప్పటికే డాక్టర్లు ఆ దారిలో చాలా దూరం పోయారు. బీపీ మందు వెరపమిల్ మొండి లుకేమియా కణాలను విన్‌క్రిస్టిన్‌కు లొంగదీస్తుందని 1981లో జపాన్‌లో త్సురువో బృందం చూపింది. రోగుల్లో అంత మోతాదు వాడబోతే గుండె తట్టుకోలేదు. తర్వాత వచ్చిన వాల్‌స్పోడార్ కీమో మందును విరిచే ఎంజైమును కూడా ఆపేయడంతో కీమో మోతాదే తగ్గించాల్సి వచ్చింది. మోటారు కోసమే చెక్కినట్టు చేసిన టారిక్విడార్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో పరీక్షిస్తూ దుష్ప్రభావాల వల్ల మధ్యలో ఆపారు. చేతిలో కచ్చితమైన మోతాదు, వెనక పెద్ద కంపెనీలు, ముందు స్పెషలిస్టులు ఉన్నప్పటి మాట ఇది. చెంచాడు పొడితో అవుతుందని నేను నమ్మకపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

నష్టానికి మాత్రం చెంచాడు చాలొచ్చు. 2004లో తైవాన్ పరిశోధకులు పందులకు గుండె మందు డిగాక్సిన్‌తో పాటు క్వెర్సెటిన్ తాగించారు. మూడింటిలో రెండు అరగంటలో చచ్చిపోయాయి. రక్తంలో డిగాక్సిన్ ఒక్కసారిగా ఎగబాకింది. మూడు పందుల లెక్క చిన్నదే, మోతాదూ పెద్దదే. అయినా సరైన మోతాదుకూ విషానికీ సన్నటి గీతే ఉండే మందు మీద అది చాలు మనకు చెమట పట్టడానికి. 2009లో బయటపడ్డది ఇంకో రకం. మల్టిపుల్ మైలోమాకు వాడే బోర్టెజోమిబ్‌ను గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే ఫ్లేవనాయిడ్ నేరుగా పట్టేసుకొని పనికిరాకుండా చేస్తుందని కణాల్లో, ఎలుకల్లో తేలింది. అందులో మోటారు ప్రమేయమే లేదు. గ్రేప్‌ఫ్రూట్ రసం బీపీ మందు ఫెలోడిపిన్ మోతాదును రక్తంలో పెంచుతుందని 1989లో తెలిసినప్పుడు అందరూ ముందు అనుమానించింది నారింజిన్ అనే ఫ్లేవనాయిడ్‌నే. అసలు దొంగలు ఫ్యురనోకౌమరిన్లనే వేరే రకం రసాయనాలని తర్వాత తేలింది. పండులో ఏ అణువు ఏం చేస్తుందో ఊహకు అందదు.

ఇంత చెప్పాక మొక్కల్లో ఏమీ లేదనుకునేరు. నాకు బాగా నచ్చిన కథ బ్యాక్టీరియాది, దాని ఒక కొస డిచ్‌పల్లిలో ఉంది. నిజామాబాద్ పక్కన ఆ ఊళ్లో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ మిషనరీ డాక్టరు కుష్ఠు ఆసుపత్రి పెట్టింది. అప్పటి మందు హైడ్నోకార్పస్ గింజల నూనె, ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు. 1940లలో డాప్సోన్ వచ్చి నూనెను పక్కన పెట్టింది. ఆ ఒక్క మందునే ఏళ్ల తరబడి వాడారు, 1964లో డాప్సోన్‌కు లొంగని కుష్ఠు క్రిమి రుజువైంది. మళ్లీ మన పత్తి చేను కథే. చివరికి 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్ కలిపి వాడమంది. ఒక మందును తప్పించుకున్న క్రిమి ఇంకోదానికి దొరుకుతుందని.

ఆ హైడ్నోకార్పస్ గింజల్లోనే హైడ్నోకార్పిన్ అనే అణువు దొరికింది, సగం ఫ్లేవనాయిడ్, సగం లిగ్నాన్ అనే ఇంకో రకం మొక్కల రసాయనం. 2000లో అమెరికాలో దారుహరిద్ర జాతి మొక్కల్లో దాని తోబుట్టువు 5′-మెథాక్సీహైడ్నోకార్పిన్ కనిపించింది. ఆ మొక్కలు బెర్బెరిన్ అనే యాంటీబయాటిక్ చేసుకుంటాయి. స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా దాన్ని నార్-ఏ అనే తన మోటారుతో తోడేస్తుంది. 5′-మెథాక్సీహైడ్నోకార్పిన్ ఒక్కటే పోస్తే బ్యాక్టీరియాకు ఏమీ కాదు. బెర్బెరిన్‌తో కలిపి పోస్తే మోటారు ఆగి, బెర్బెరిన్ లోపలే ఉండిపోయి, బ్యాక్టీరియా పెరగడం ఆగిపోతుంది. మొక్క మందునూ, మందును కాపాడే కావలివాణ్నీ పక్కపక్కనే పెట్టుకుంది. మనం ఒక్క అణువును విడదీసి ఇందులో ఏమీ లేదని పారేసినవాటిలో ఇలాంటి కావలివాళ్లు ఎందరున్నారో అనిపిస్తుంది నాకు.

ఇలాంటి జోడీ లెక్క ప్రకారం చేస్తే ఎలా ఉంటుందో మన దేశంలోనే ఒక నమూనా ఉంది. జమ్మూలోని ఐఐఐఎం అనే ప్రభుత్వ పరిశోధనా సంస్థ పరిశోధన ఆధారంగా వచ్చిన టీబీ బిళ్లలో మిరియాల పిపెరిన్ 10 మిల్లీగ్రాములు చేర్చి, 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌ను 200కు తగ్గించారు. పిపెరిన్ ఫ్లేవనాయిడ్ కాదు, మందును ఒంట్లోకి ఎక్కువగా పట్టించడమే దాని పని. నేను చూపించాలనుకున్నది ఆ పది మిల్లీగ్రాముల అంకెను. ఎంత వేయాలో, దానివల్ల పక్క మందు ఎంత తగ్గించాలో తూచి, మనుషుల్లో చూసి పెట్టిన అంకె అది.

పెద్దమ్మకు ఇదంతా చెప్పలేదు. పాక్లిటాక్సెల్‌ను విరిచే పని లివర్‌దని, రెండు మూడు రకాల ఎంజైములు ఆ పని చేస్తాయని, ఈ పొడి వాటిలో దేని చేయి పట్టుకుంటుందో ఎవరికీ తెలియదని చెప్పాను. మందు ఒంట్లో ఎక్కువసేపు నిలిస్తే తెల్ల కణాలు ఇంకా పడిపోతాయని కూడా అన్నాను. పోయిన సైకిల్ తర్వాత కౌంటు పడిపోయి వారం రోజులు ఇంజెక్షన్లు వేయించుకున్న సంగతి ఆమెకు గుర్తుంది.

"అయితే పారబోయాల్నా?"

"వద్దు, సీసా ఎంబడి తీస్కపో. ఎప్పటి నుంచి తాగుతున్నవో గూడ డాక్టర్‌కు చెప్పు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, పది రోజుల నుంచి పొద్దుమాపు ఒక చెంచా తాగుతున్నానంది. ఆ మాట ఫైల్లో మొదటి కాగితం మీదే పెన్సిల్‌తో రాసి ఇచ్చాను.